పీహెచ్ 6.8లో 2 మైక్రోగ్రాములే కరిగే బలహీన క్షారం: సాల్ట్ ఎందుకు నిలవడం లేదు, దేనికి మారాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నోటి ద్వారా 100 మి.గ్రా. డోస్ ఇవ్వాల్సిన బలహీన క్షారం. పీకేఏ (సగం అణువులు అయాన్‌గా ఉండే పీహెచ్) 4.8, లాగ్‌పీ (నూనె వైపు మొగ్గు కొలత) 4.2, అణుభారం 430, ద్రవీభవన స్థానం 208 డిగ్రీలు. 37 డిగ్రీల దగ్గర పీహెచ్ 1.2లో మి.లీ.కి 0.6 మి.గ్రా., పీహెచ్ 6.8లో 2 మైక్రోగ్రాములు కరుగుతోంది. హైడ్రోక్లోరైడ్ సాల్ట్ చేసి టాబ్లెట్ కొడితే 40/75లో (40 డిగ్రీలు, 75% తేమ) నెల తిరిగేసరికి డిసల్యూషన్ (టాబ్లెట్ నుంచి మందు కరిగి బయటికి రావడం) సగానికి పడిపోయింది. అస్సే (చెడిపోకుండా ఉన్న మందు శాతం) మాత్రం 99 పైనే ఉంది. ఇప్పుడు ఇంకో సాల్ట్ వెతకాలా, సైక్లోడెక్స్ట్రిన్ (మందు అణువుని తనలో ఇముడ్చుకునే చక్కెర ఉంగరం) కలపాలా, నానోసస్పెన్షన్ (మందుని అతిసన్నగా రుబ్బి ద్రవంలో కలిపింది) చేయాలా?

నా సమాధానం: మూడూ వద్దు. స్ప్రే డ్రై చేసిన అమార్ఫస్ సాలిడ్ డిస్పర్షన్‌కి (ఏఎస్‌డీ, అంటే మందుని స్ఫటికం కాని రూపంలో పాలిమర్‌లో చెదరగొట్టిన పొడి) వెళ్ళండి. పాలిమర్ హెచ్‌పీఎంసీ-ఏఎస్, ఎం లేదా హెచ్ గ్రేడు. 25% డ్రగ్ లోడ్‌తో (పొడిలో మందు వాటా) మొదలుపెట్టండి. ఎందుకంటే మీరిచ్చిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

సాల్ట్ సంగతి

పీహెచ్ 6.8లో వచ్చిన 2 మైక్రోగ్రాములు దాదాపుగా అయాన్ కాని రూపానిదే. పీకేఏ 4.8 కాబట్టి పీహెచ్ 1.2కి తేడా 3.6. పదిని 3.6 ఘాతానికి తీసుకెళ్తే సుమారు 4,000. ఆ లెక్కన పీహెచ్ 1.2లో మి.లీ.కి 8 మి.గ్రా. కరగాలి. మీకు వచ్చింది 0.6. ఇది కొలతలో పొరపాటు అనుకుని వదిలేసి ఉంటారు, కానీ అసలు కీలకం ఇక్కడే ఉంది. ఫ్లాస్క్ అడుగున మిగిలింది ఫ్రీ బేస్ (సాల్ట్ కాని అసలు క్షారం) కాదు, హైడ్రోక్లోరైడ్‌గా మారిపోయింది. మీడియంలో ముందే ఉన్న క్లోరైడ్ దాన్ని ఇక కరగనివ్వడం లేదు. ఆ అడుగు పొడిని వడకట్టి, ఆరబెట్టకుండా తడిగానే ఎక్స్‌ఆర్‌పీడీ (స్ఫటిక రూపాన్ని చూపే ఎక్స్‌రే పరీక్ష) వేసి చూడండి, తేలిపోతుంది.

మీడియంలో క్లోరైడ్ 0.1 మోలార్ అనుకుంటే, 0.6 మి.గ్రా. అంటే 1.4 మిల్లీమోలార్, కాబట్టి సాల్యుబిలిటీ ప్రాడక్ట్ (రెండు అయాన్ల గాఢతల లబ్ధం) 1.4 × 10⁻⁴. దాని వర్గమూలం 0.012 మోలార్. అంటే క్లోరైడ్ కలపని నీటిలో ఈ సాల్ట్ మి.లీ.కి 5 మి.గ్రా. దాకా కరగగలదు. చూడ్డానికి బాగుంది. కానీ సాల్టూ ఫ్రీ బేసూ రెండూ పక్కపక్కన నిలకడగా ఉండగలిగే పీహెచ్, అంటే పీహెచ్‌మాక్స్, లెక్కేస్తే 1.4 దగ్గర తేలుతుంది. అంతకన్నా పైన ఉన్న ఏ తడి వాతావరణంలోనైనా ఈ సాల్ట్ విడిపోయి ఫ్రీ బేస్ వైపే జారుతుంది. మీ టాబ్లెట్ లోపల క్రాస్‌కార్మెలోజ్ సోడియం, మెగ్నీషియం స్టియరేట్ ఉంటే అక్కడ పీహెచ్ 1.4 ఉండే ప్రసక్తే లేదు. రెండూ ప్రోటాన్‌ని లాక్కునేవే. 75% ఆర్‌హెచ్‌లో పీల్చుకున్న తేమ ఆ పనికి సరిపోతుంది.

అస్సే 99 ఉండగా డిసల్యూషన్ పడిపోవడం కూడా దీనివల్లే. అణువు చెక్కుచెదరలేదు, రూపం మారింది. అస్సే కొలిచే హెచ్‌పీఎల్‌సీకి సాల్టూ ఫ్రీ బేసూ ఒకటే పీక్. అందుకే ఇలాంటి కాంపౌండ్ స్టెబిలిటీ ప్రోటోకాల్‌లో అస్సే, ఇంప్యూరిటీలతో పాటు ఎక్స్‌ఆర్‌పీడీ గానీ రామన్ (కాంతితో రూపం పట్టే పరీక్ష) గానీ తప్పనిసరిగా పెట్టాలి. లేకపోతే డిసల్యూషన్ ఫెయిలయ్యేదాకా ఎవరికీ తెలియదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. హైడ్రోక్లోరైడ్ నిలవలేదు కదా, ఇంకా బాగా కరిగే మెసిలేట్ చేద్దాం అనుకుంటారు. సాల్ట్ ఎంత బాగా కరిగితే దాని పీహెచ్‌మాక్స్ అంత కిందికి పోతుంది, అంత తేలిగ్గా విడిపోతుంది. పైగా పీకేఏ 4.8 ఉన్న క్షారానికి రెండు మూడు యూనిట్ల తేడా కావాలంటే పీకేఏ 2 లోపు ఆమ్లాలే గతి. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, సల్ఫోనిక్ ఆమ్లాలు, అంచున మాలియిక్. సల్ఫోనేట్లతో ఆల్కహాల్ ఉన్న ప్రాసెస్‌లో జన్యు విషపు ఎస్టర్ల తలనొప్పి. 2007లో యూరప్‌లో హెచ్‌ఐవీ మందు నెల్ఫినావిర్ మెసిలేట్, అదే వైరాసెప్ట్, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది ఇథైల్ మెసిలేట్ కలుషితం వల్లే. మాలియేట్ అయితే, అణువులో ప్రైమరీ లేదా సెకండరీ అమీన్ ఉంటే దానికి అంటుకుని మైకేల్ అడక్ట్ అనే మలినం ఇస్తుంది.

మేనేజ్‌మెంట్ ఒత్తిడి మీద ఫేజ్ 1 (మనుషుల మీద మొదటి పరీక్ష) వరకు సాల్ట్‌తోనే నెట్టుకురావాల్సి వస్తే ఇలా చేయండి. డైరెక్ట్ కంప్రెషన్ లేదా రోలర్ కాంపాక్షన్, నీళ్ళు తగలకూడదు. క్రాస్‌కార్మెలోజ్ బదులు క్రాస్‌పొవిడోన్. మెగ్నీషియం స్టియరేట్ బదులు స్టియరిక్ ఆసిడ్ లేదా గ్లిసరిల్ బెహనేట్. సోడియం స్టియరిల్ ఫ్యూమరేట్ కూడా సోడియం సాల్టే కాబట్టి దాన్ని సురక్షితమని నమ్మేయకండి. టార్టారిక్ లేదా సిట్రిక్ ఆసిడ్ 5–10%, అలు-అలు బ్లిస్టర్ (తేమ చొరని అల్యూమినియం ప్యాకింగ్). అయినా ఇది తాత్కాలికమే. పేగులోకి రాగానే ఫ్రీ బేస్ అవక్షేపం కావడాన్ని ఇవేవీ ఆపవు.

మీకు ఎంత సాల్యుబిలిటీ కావాలి?

టెక్నాలజీ ఎంచుకునే ముందు ఈ అంకె రాసుకోవాలి. 100 మి.గ్రా. 250 మి.లీ. నీటిలో అంటే మి.లీ.కి 0.4 మి.గ్రా. పీహెచ్ 1.2 దగ్గర డోస్ నంబర్ (ఆ 0.4ని సాల్యుబిలిటీతో భాగిస్తే వచ్చేది) 0.67, అంటే ఆమ్లం సరిగ్గా ఉన్న కడుపులో మొత్తం కరిగిపోగలదు. పీహెచ్ 6.8 దగ్గర డోస్ నంబర్ 200. కాబట్టి కడుపులో కరిగి పేగులో పడిపోతుంది. ఒమెప్రజోల్ లాంటి మందు వాడేవాళ్ళ కడుపులో పీహెచ్ 5 దాటితే అసలు కరగనే కరగదు.

మీరు ఫాసిఫ్ (ఖాళీ కడుపుతో ఉన్నప్పటి పేగు ద్రవానికి నకలు) సాల్యుబిలిటీ విలువ ఇవ్వలేదు. దాన్ని వెంటనే తీయండి: పీహెచ్ 6.5, టారోకోలేట్ 3 మిల్లీమోలార్, లెసిథిన్ 0.75 మిల్లీమోలార్. లాగ్‌పీ 4 పైన ఉంటే పిత్త లవణాల వల్ల కొన్ని రెట్లు పెరగడం మామూలే. ఉదాహరణకి 15 మైక్రోగ్రాములు వచ్చిందనుకుందాం. గరిష్ఠంగా పీల్చుకోగల డోస్ లెక్క తేలికైనదే: సాల్యుబిలిటీ × నిమిషానికి అబ్సార్ప్షన్ రేటు × 250 మి.లీ. × 270 నిమిషాలు. రేటు 0.03 అనుకుంటే, 0.015 × 0.03 × 250 × 270, అంటే దాదాపు 30 మి.గ్రా. మీకు కావాల్సింది 100. తిరగేసి లెక్కేస్తే ఫాసిఫ్‌లో మి.లీ.కి 50 మైక్రోగ్రాములు, రెండు మూడు గంటలు నిలవాలి. ఇదే మీ లక్ష్యం. ఇంతకు మించి 500 కోసం పరుగెత్తక్కర్లేదు. అతిగా సూపర్‌సాచురేట్ చేస్తే (పరిమితిని మించి కరిగిస్తే) అంత త్వరగా స్ఫటికమై కిందికి దిగుతుంది కూడా. కాకో-2 (పేగు పొరలాంటి కణాల మీద చేసే పరీక్ష) లెక్కన పెర్మియబిలిటీ (పొర దాటే తీరు) తక్కువైతే ఈ 50 కాస్తా పైకి పోతుంది, అది మీ డేటా చూసి సరిచేసుకోండి.

ఏఎస్‌డీయే ఎందుకు

సాల్యుబిలిటీని అంచనా వేసే యాల్‌కోవ్‌స్కీ సమీకరణం వేయండి. మోలార్ సాల్యుబిలిటీ లాగ్ = 0.5 − 0.01 × (ద్రవీభవన స్థానం − 25) − లాగ్‌పీ. మీకు 0.5 − 1.83 − 4.2 = −5.53. అంటే సుమారు 3 మైక్రోమోలార్, మి.లీ.కి 1.3 మైక్రోగ్రాములు. మీ కొలత 2. బాగా కుదిరింది. ఇందులో చూడాల్సింది ఆ 1.83. స్ఫటికపు బిగువు ఒక్కటే 68 రెట్లు మింగేస్తోంది. ఆ బిగువు తీసేస్తే కాగితం మీద అంత లాభం. నిజంలో 5 నుంచి 20 రెట్లు వస్తే బాగా వచ్చినట్టే. ఫాసిఫ్‌లో 15 ఉన్నదాన్ని 50–75కి తేవడానికి అది చాలు.

ద్రవీభవన స్థానం 90, లాగ్‌పీ 6 ఉన్న జిడ్డు అణువైతే ఇదే లెక్క తిరగబడుతుంది. స్ఫటికం వాటా 0.65 మాత్రమే. అప్పుడు ఏఎస్‌డీ కన్నా లిపిడ్ ఫార్ములేషన్ ముందు చూడమనేవాణ్ణి. మీ అణువు ఇటుక పొడి బాపతు. నూనెల్లోనూ సరిగ్గా కరగదు, క్యాప్సూల్‌లో 100 మి.గ్రా. పట్టించాలంటే లిపిడ్ మిశ్రమం గ్రాముకి కనీసం 100 మి.గ్రా. కరిగించాలి. కాప్రిలిక్ మోనోగ్లిసరైడ్లలో ఒకసారి కొలిచి చూడండి, 20 మి.గ్రా. లోపు వస్తే ఆ దారి మూసేయండి.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ వెమురాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు. మొదటి ఫేజ్ 1లో స్ఫటిక రూపంతో రక్తంలో స్థాయిలు చాలలేదు. హెచ్‌పీఎంసీ-ఏఎస్‌తో 30:70 అమార్ఫస్ పొడిగా మార్చాకే మందు ముందుకు కదిలింది, 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది స్ప్రే డ్రైయింగ్ కాదు. తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్లలో కరగలేదు కాబట్టి డైమిథైల్ ఎసిటమైడ్‌లో పాలిమర్‌తో కలిపి కరిగించి, చల్లని ఆమ్లపు నీటిలోకి వదిలి అవక్షేపం చేశారు. మీ కాంపౌండ్ అసిటోన్‌లో మొండికేస్తే ఈ దారి గుర్తుంచుకోండి.

సైక్లోడెక్స్ట్రిన్, నానో గురించి రెండు మాటలు

సైక్లోడెక్స్ట్రిన్ మంచిదే, కానీ మీ డోస్‌కి కాదు. బైండింగ్ స్థిరాంకం 10,000 (చాలా మంచి విలువ) అనుకున్నా, 14% హైడ్రాక్సీప్రొపైల్ బీటా సైక్లోడెక్స్ట్రిన్‌లో, తటస్థ పీహెచ్ దగ్గర, మి.లీ.కి 1.9 మి.గ్రా. వస్తుంది. 100 మి.గ్రా.కి 50 మి.లీ. పైన ద్రావణం, అందులో 7 గ్రాముల సైక్లోడెక్స్ట్రిన్. టాబ్లెట్‌లో ఎక్కడ పెడతారు? ఇంజెక్షన్‌లో అయితే ఆ బరువు సమస్య కాదు. వొరికొనజోల్ 200 మి.గ్రా. వయల్‌లో సల్ఫోబ్యూటైల్ ఈథర్ సైక్లోడెక్స్ట్రిన్ 3,200 మి.గ్రా. ఉంటుంది. కోవిడ్ మందు రెమ్డెసివిర్ 100 మి.గ్రా. పొడి వయల్‌లో ఇదే సైక్లోడెక్స్ట్రిన్ 3 గ్రాములు, పీహెచ్ ఆమ్లం వైపు. మీకు ఇది పనికొచ్చేది జంతువుల ఐవీ స్టడీకి: 20% హైడ్రాక్సీప్రొపైల్ బీటా, పీహెచ్ 3–3.5, తాజాగా చేసి 0.2 మైక్రాన్ ఫిల్టర్. సాదా బీటా సైక్లోడెక్స్ట్రిన్ మాత్రం సిరలోకి ఇవ్వకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

నానోసస్పెన్షన్ కరిగే వేగాన్ని పెంచుతుంది, కరిగే పరిమితిని కాదు. 200 నానోమీటర్లకి రుబ్బినా సాల్యుబిలిటీలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. మీ సమస్య పరిమితిదే. ఫాసిఫ్ విలువ అదృష్టవశాత్తూ 50 దగ్గర వస్తే అప్పుడు నానో మళ్ళీ బల్ల మీదకి రావచ్చు, ఎందుకంటే స్ఫటికం స్ఫటికంగానే ఉంటుంది, స్టెబిలిటీ గొడవలు తక్కువ.

ఎలా చేయాలి

ముందు డీఎస్‌సీలో (వేడి చేస్తూ పదార్థంలో మార్పులు కొలిచే యంత్రం) ఒక్క పరుగు. 10 డిగ్రీల వేగంతో 215 దాకా వేడి చేసి, వేగంగా చల్లార్చి, మళ్ళీ వేడి చేయండి. చల్లారుతున్నప్పుడే స్ఫటికమైతే కష్టమైన అణువు, డ్రగ్ లోడ్ 20–25% దాటకండి. రెండో వేడిలో కూడా స్ఫటికం కాకపోతే 40% దాకా ప్రయత్నించవచ్చు. టీజీ (గాజులా ఉన్న అమార్ఫస్ పదార్థం మెత్తబడే ఉష్ణోగ్రత) ఎంతో ఇక్కడే తెలుస్తుంది. కెల్విన్‌లో ద్రవీభవన స్థానానికి 0.7 రెట్లు అనే మోటు లెక్కన మీకు 64 డిగ్రీల దగ్గర రావచ్చు. ఈ పరుగుకి ముందు టీజీఏ (వేడికి బరువు తగ్గడం కొలిచే పరీక్ష) చూడండి. 208 దగ్గర కరుగుతూనే కుళ్ళిపోయే అణువైతే ఈ ఫలితానికి అర్థం ఉండదు. హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూషన్‌ని (మందూ పాలిమరూ కలిపి వేడితో కరిగించి ఒత్తడం) కూడా అక్కడే పక్కన పెట్టొచ్చు.

తర్వాత పాలిమర్ స్క్రీనింగ్. ఫాసిఫ్‌లో పాలిమర్‌ని మి.లీ.కి 0.25 మి.గ్రా. ముందే కరిగించి, కాంపౌండ్‌ని డీఎంఎస్‌ఓలో గాఢంగా కరిగించి 200 మైక్రోగ్రాములు వచ్చేలా వేయండి, డీఎంఎస్‌ఓ 1% దాటకూడదు. 5, 15, 30, 60, 120, 180 నిమిషాలకి నమూనా. హెచ్‌పీఎంసీ-ఏఎస్ మూడు గ్రేడులు, కోపొవిడోన్, హెచ్‌పీఎంసీ ఈ5 చాలు. మీలాంటి బలహీన క్షారానికి నా మొగ్గు హెచ్‌పీఎంసీ-ఏఎస్ వైపే. కోపొవిడోన్ కడుపులోనే కరిగి మందుని వదిలేస్తుంది. అక్కడ క్లోరైడ్ దండిగా ఉంటుంది, కరిగిన మందు హైడ్రోక్లోరైడ్ స్ఫటికంగా బయటపడే ప్రమాదం ఉంది. హెచ్‌పీఎంసీ-ఏఎస్ ఆమ్లంలో కరగదు. ఎల్ గ్రేడు పీహెచ్ 5.5, ఎం గ్రేడు 6 దగ్గర, హెచ్ గ్రేడు అంతకు పైన విడుస్తుంది.

స్ప్రే డ్రైయింగ్‌కి అసిటోన్‌లో మొత్తం ఘనపదార్థం 5%. 25% లోడ్ అంటే మందు మి.లీ.కి 12.5 మి.గ్రా. కరగాలి. కరగకపోతే అసిటోన్‌లో 5–10% నీళ్ళు కలిపి చూడండి, చాలాసార్లు ఆశ్చర్యంగా పెరుగుతుంది. తర్వాత మెథనాల్–డైక్లోరోమీథేన్. రెసిడ్యువల్ పరిమితులు తెలిసినవే: అసిటోన్ 5,000 పీపీఎం, మెథనాల్ 3,000, డైక్లోరోమీథేన్ 600. చిన్న ల్యాబ్ యంత్రంలో అసిటోన్‌కి ఇన్‌లెట్ 90–100, అవుట్‌లెట్ 45–50 డిగ్రీలు, నైట్రోజన్ క్లోజ్డ్ లూప్ (గాలితో అసిటోన్ కొట్టొద్దు, మంటలు). సైక్లోన్ గోడలకి అంటుకుంటుంటే అవుట్‌లెట్ తగ్గించండి. పొడి తడిగా, ముద్దగా వస్తే ఫీడ్ తగ్గించండి. బయటికొచ్చిన పొడిలో ఇంకా సాల్వెంట్ 2–5% ఉంటుంది, అది టీజీని బాగా కిందికి లాగుతుంది. కాబట్టి ఆ రోజే ట్రేలో పలచగా, 2 సెం.మీ. మించకుండా పరిచి, 40 డిగ్రీల దగ్గర 24 గంటలు సెకండరీ డ్రైయింగ్. రేపు చేద్దాంలే అని డబ్బాలో మూసిపెట్టిన పొడే తర్వాత స్ఫటికాలు చూపిస్తుంది.

టాబ్లెట్ సైజు ఇప్పుడే ఆలోచించండి. 25% లోడ్ అంటే 400 మి.గ్రా. పొడి, టాబ్లెట్‌లో అది 60% అనుకుంటే 667 మి.గ్రా. టాబ్లెట్. మింగొచ్చు, కానీ పెద్దదే. 40% లోడ్ నిలబడితే 417కి దిగుతుంది. పొడి మరీ తేలిక కాబట్టి రోలర్ కాంపాక్షన్ తప్పదు. వెట్ గ్రాన్యులేషన్ మాట ఎత్తొద్దు.

డిసల్యూషన్ రెండు దశల్లో: 0.01 నార్మల్ హెచ్‌సీఎల్‌లో 30 నిమిషాలు, తర్వాత గాఢ ఫాసిఫ్ కలిపి పీహెచ్ 6.5. మొదటి దశ పీహెచ్ 5.5లో పెట్టి ఇంకో పరుగు, ఒమెప్రజోల్ వాడేవాళ్ళ కోసం. నమూనాని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన వెంటనే అసిటోనైట్రైల్‌తో పలచన చేయండి, లేకపోతే ఆటోశాంప్లర్ వయల్‌లోనే అవక్షేపమై తక్కువ చూపిస్తుంది. మామూలు మైక్రోసెంట్రిఫ్యూజ్ పాలిమర్ కొల్లాయిడ్లని దించలేదు. అందులో ఉన్న మందు కూడా కరిగినట్టే లెక్కకొస్తుంది. 50 లక్ష్యాన్ని చేరామని చెప్పే ముందు ఒక్కసారైనా అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అంకె చూసుకోండి. ఫిల్టర్ వాడితే మొదటి 3–5 మి.లీ. పారబోయండి. 2 మైక్రోగ్రాముల స్థాయిలో నైలాన్ ఫిల్టర్ మందుని మింగేయగలదు.

స్టెబిలిటీ: ఇక్కడ రెండు వేర్వేరు శత్రువులు

ఒకటి స్ఫటికీకరణ. టీజీ నిల్వ ఉష్ణోగ్రత కన్నా 50 డిగ్రీలు పైన ఉండాలనేది పాత కొండగుర్తు. పొడిగా ఉన్నప్పటి టీజీ చూసి సంతోషపడొద్దు. పొడిని 40/75లో మూత తీసి ఉంచి, తేమ పట్టిన టీజీ మూసిన పాన్‌లో కొలవండి. ఒకే టీజీ కనబడాలి. రెండు కనబడితే మందూ పాలిమరూ విడిపోయాయన్నమాట, లోడ్ తగ్గించాల్సిందే. 1, 2, 4 వారాలకి పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ కింద చూడండి. మామూలు ఎక్స్‌ఆర్‌పీడీకి కొద్ది శాతం స్ఫటికం దాటితే గానీ కనబడదు, మైక్రోస్కోప్ అంతకు ముందే పట్టిస్తుంది. ఫ్రీ బేస్ పాలిమార్ఫ్ స్క్రీన్ (వేర్వేరు స్ఫటిక రూపాల కోసం వెతకడం) ఇంకా చేయకపోతే ఇప్పుడే చేయించండి. 1998లో హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ క్యాప్సూళ్ళలో అంతకుముందు ఎవరూ చూడని, తక్కువ కరిగే ఫారం 2 బయటపడి ఆ క్యాప్సూళ్ళనే ఆపేయాల్సి వచ్చింది. తర్వాత లోపినవిర్–రిటోనవిర్ టాబ్లెట్ 2005లో వచ్చింది కోపొవిడోన్‌తో మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ చేసిన ఏఎస్‌డీగానే.

రెండోది రసాయన క్షయం. అమార్ఫస్‌లో అణువులకి కదలిక ఎక్కువ, స్ఫటికంలో ఏళ్ళు నిలిచేది ఇక్కడ నెలల్లో బయటపడొచ్చు. హెచ్‌పీఎంసీ-ఏఎస్ ఆమ్ల స్వభావం కలది కాబట్టి ఆమ్లానికి విడిపోయే గ్రూపులుంటే జాగ్రత్త. మీ అణువులో ఆల్కహాల్ గ్రూపు ఉంటే వేడిలో సక్సినేట్ ఎస్టర్ ఏర్పడవచ్చు. స్ప్రే డ్రైయింగ్‌లో ఆ భయం తక్కువ, ఎక్స్‌ట్రూషన్‌లో ఎక్కువ. కోపొవిడోన్, క్రాస్‌పొవిడోన్, పాలీసార్బేట్‌లలో పెరాక్సైడ్ మిగులు ఉంటుంది, అమీన్‌ని ఎన్-ఆక్సైడ్ చేస్తుంది. 3% హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఒక రోజు ఉంచి చూస్తే మీ అణువు ఎంత సున్నితమో తెలుస్తుంది. సున్నితమైతే లాట్‌వారీగా పెరాక్సైడ్ పరిమితి పెట్టించండి, స్ప్రే ద్రావణంలోనే ఆక్సీకరణని ఆపే బీహెచ్‌టీ 0.1% కలపండి. స్ప్రే ద్రావణాన్ని 24–48 గంటలు పెట్టి దాని ఇంప్యూరిటీ కూడా తీయండి. పెద్ద బ్యాచ్‌లో ట్యాంకులో అంతసేపు కూర్చుంటుంది.

చేతిలో ఉన్న హైడ్రోక్లోరైడ్ బ్యాచ్‌ని పారేయకండి. ఫ్రీ బేస్ శుద్ధి చేయడానికి అది మంచి మజిలీ: సాల్ట్‌గా స్ఫటికం చేసి ఇంప్యూరిటీలు వదిలించి, బేస్‌గా విడగొట్టి స్ప్రేకి పంపండి. ఆ విడగొట్టిన బేస్‌లో క్లోరైడ్ మిగులు ఎంతుందో మాత్రం అయాన్ క్రొమటోగ్రఫీతో చూసుకోండి. ఫాసిఫ్ అంకె, డీఎస్‌సీ రెండో వేడి గ్రాఫ్, అణువులో ఉన్న ఫంక్షనల్ గ్రూపులు (నిర్మాణం చెప్పనక్కర్లేదు) ఇక్కడ పెడితే డ్రగ్ లోడ్ గురించి ఇంకాస్త గట్టిగా చెప్పగలను.